చెన్నై ఉప్పుగాలికి కారు అడుగున ఏం పూయించాలి? అండర్ బాడీ కోటింగులపై సమీక్ష

సముద్రం పక్కనున్న బీసెంట్ నగర్, తిరువాన్మియూర్, నీలాంకరై వైపు తిరిగే కారునీ, అదే ఏడాది కొని తీరానికి దూరంగా అంబత్తూరులో తిప్పుతున్న కారునీ పక్కపక్కన లిఫ్టు ఎక్కించి చూడండి. పైన రెండూ ఒకేలా మెరుస్తుంటాయి. కింద మాత్రం సముద్రం పక్క కారుకి వెనక యాక్సిల్ వెల్డింగ్ అతుకుల మీద, స్ప్రింగు కూర్చునే గిన్నెలో, జాకీ ఆనించే అంచు వెంబడి సన్నటి నారింజ రంగు గీత మొదలై ఉంటుంది. ఆ గీతకి విరుగుడుగా షోరూముల్లోనూ, జీపీ రోడ్డు యాక్సెసరీ షాపుల్లోనూ, ఊరంతా ఉన్న డీటెయిలింగ్ (కారు శుభ్రం చేసి పాలిష్ పెట్టే) షెడ్లలోనూ అమ్మే పూతల్లో ఏది ఈ ఊరికి పనికొస్తుంది, ఏది మేలు కన్నా చేటే ఎక్కువ చేస్తుంది, పని చేయించేటప్పుడు దగ్గరుండి ఏం చూసుకోవాలి అన్నదే ఇక్కడి విషయం.

కోటింగుల దగ్గరికి వెళ్లేముందు ఉప్పు సంగతి తేలాలి. "నేను వానలో బండి తియ్యను, నాకెందుకు ఇవన్నీ" అనేవాళ్లు చాలామంది. వానాకాలం వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం అందరూ చూసేదే. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమని లాక్కుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకి 33 శాతం తేమే చాలు. చెన్నై తీరంలో రాత్రిళ్లు, తెల్లవారుజామున తేమ 75 దాటడం రోజూ ఉన్నదే. అంటే కారు కింద పేరుకున్న ఉప్పు చుక్క వాన లేకపోయినా ప్రతి రాత్రీ తడిసి, పగలు చాలావరకు ఆరి, మళ్లీ రాత్రికి తడుస్తుంది. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. ఉప్పు కలిస్తే ఆ నీటిలో కరెంటు బాగా పారుతుంది, తుప్పు వేగం పెరుగుతుంది. పైగా తుప్పు తను తిన్న ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింటు కింద మొదలైన మచ్చ పొక్కులా ఉబ్బి, పెచ్చుగా లేచి, పక్కనున్న మంచి రేకుని కూడా బయటపెడుతుంది.

కాబట్టి ఏ పూతకైనా అసలు పరీక్ష ఒకటే: ఉప్పు నీటిని రేకుదాకా రానివ్వకుండా ఆపుతోందా, లేక లోపలికి వచ్చిన నీటిని బయటికి పోనివ్వకుండా పట్టుకుంటోందా?

ఎక్కువగా అమ్మేది రబ్బరు కలిపిన నల్లటి కోటింగు. 3ఎం వాళ్ల బాడీ షుట్జ్ ఈ రకమే. లీటరు డబ్బాని నేరుగా షుట్జ్ గన్‌కి బిగించి, కంప్రెసర్ గాలితో కొడతారు. వుర్త్ కంపెనీ కూడా ఈ తరహావి అమ్ముతుంది. కంకర దెబ్బలు తట్టుకోవడంలో ఈ పూతల్లో దీన్ని మించింది లేదు. వీల్ ఆర్చ్ (చక్రం మీది కమాను) లోపల, రన్నింగ్ బోర్డు (తలుపుల కింది గడప) కింది అంచున, వెనక చక్రాలకి కాస్త ముందు భాగంలో రాళ్లు ఎగిరి తగిలే చోట్ల ఇది నిజంగా పనిచేస్తుంది. టైరు చప్పుడు కూడా కొంచెం తగ్గుతుంది. బలహీనత ఏమిటంటే, పూర్తిగా ఆరి గట్టిపడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎండకీ, ఇంజన్ వేడికీ, బాడీ ఊగిసలాటకీ అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగులు వస్తుంది. ఆ పగుల్లోంచి ఉప్పునీరు లోపలికి దూరితే ఇక ఆరడమంటూ ఉండదు. పైన నల్లగా నున్నగా కనిపిస్తూనే లోపల రేకు పోతూ ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూస్తే తెలుస్తుంది: గట్టి రేకు టంగుమంటుంది, తినేసిన చోట దబ్బుమని చచ్చిన చప్పుడొస్తుంది. ఆ చోట గోటితో గీకితే పూత దోసెలా లేచి వస్తుంది, వెనక గోధుమరంగు పొడి రాలుతుంది.

అందుకని తీర్పు సూటిగా: కొత్త కారుకి, తుప్పు ఇంకా పట్టని రేకు మీద, రాళ్లు తగిలే చోట్ల వరకు రబ్బరు కోటింగు మంచిదే. నాలుగైదేళ్లు తీరంలో తిరిగిన కారుకి అడుగంతా ఇది కొట్టించడం మాత్రం పుండుని కడగకుండా కట్టు కట్టడమే.

చౌకలో దొరికే బిటుమెన్ కోటింగు, అంటే తారు రకం, పైదానికన్నా ముందే పెళుసెక్కుతుంది. మే నెల ఎండకి మెత్తబడి దుమ్ముని పట్టుకుంటుంది. తక్కువ ధర తప్ప దీని తరపున చెప్పడానికి ఏమీ లేదు.

మైనం రకం వేరు. డినిట్రాల్, వాక్సాయిల్ లాంటివి ఇందులోకి వస్తాయి. ఇవి పూర్తిగా గట్టిపడవు, కొంచెం జిగురుగానే ఉంటాయి. చిన్న గీత పడితే చుట్టూ ఉన్న మైనం మెల్లగా కదిలి దాన్ని కప్పుతుంది. వీటికి అసలైన చోటు అడుగు భాగం బయట కాదు, లోపలి బోలు భాగాలు: రన్నింగ్ బోర్డు డొల్ల, ఛాసిస్ పెట్టెలు, తలుపు అడుగు, డిక్కీ తలుపు మడత. కారు తుప్పులో పెద్ద వాటా లోపలి నుంచి బయటికి వచ్చేదే. రన్నింగ్ బోర్డు మీద పొక్కు కనబడే నాటికి లోపల సగం పని అయిపోయి ఉంటుంది. సన్నటి గొట్టం చివర చుట్టూ అన్ని వైపులా చిమ్మే నాజిల్ బిగించి, ఫ్యాక్టరీ వాళ్లు వదిలిన రంధ్రాల్లోంచి చివరిదాకా తోసి, వెనక్కి లాగుతూ కొట్టాలి. చెన్నైలో కోటింగు చేస్తామనే షెడ్లలో ఎక్కువమంది ఈ పని ఊసే ఎత్తరు, ఎందుకంటే చేసినా కంటికి కనబడదు. ఈ ఊరికి ఒక్క పనికే డబ్బు పెట్టగలిగితే దీనికే పెట్టండి.

లానోలిన్ రకం గొర్రె ఉన్నిలోంచి తీసే కొవ్వుతో చేస్తారు. ఫ్లూయిడ్ ఫిల్మ్ అందరికీ తెలిసిన పేరు. ఓడ నిలకడకి నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకుల తుప్పుకి వాడుతూ వచ్చిన సరుకు ఇది. అసలు ఆరదు, పాకుతుంది, అప్పటికే పైపైన తుప్పు పట్టిన చోట కూడా లోపలికి ఇంకి గాలిని, నీటిని అడ్డుకుంటుంది. పాత కార్లకి దీనికి సాటి లేదు. కానీ చెన్నై వేడికి కారుతుంది, ప్రెషర్ వాష్ తగిలితే చెదురుతుంది, వీల్ ఆర్చుల్లో చక్రాలు చిమ్మే నీటికి త్వరగా పోతుంది. ఏడాదికోసారి మళ్లీ కొట్టాల్సిందే. కొన్ని వారాలు గొర్రె వాసన ఉంటుంది. అలాగే ఈ నూనె సహజ రబ్బరుని ఉబ్బించగలదు, కాబట్టి సస్పెన్షన్ బుష్‌లు, యాక్సిల్ బూట్లు అనే రబ్బరు భాగాలకి తగలకుండా చూసుకోవాలి. మైనం, లానోలిన్ రకాలు రెండూ రబ్బరు కోటింగులా ప్రతి షాపులో దొరకవు. ముందే తెప్పించుకుని షెడ్డుకి పట్టుకెళ్లడం మేలు.

ఇక సర్వీసు స్టేషన్లలో నీళ్లతో కడిగాక కొట్టే డీజిల్, పాత ఇంజన్ ఆయిల్. ఇది వద్దు. పాత ఆయిల్లో మండగా మిగిలిన ఆమ్లాలు ఉంటాయి, రబ్బరు భాగాలు ఉబ్బుతాయి, రోడ్డు మీద కారుతుంది, రెండు రోజుల్లో దుమ్ము పట్టి బురద మందంగా అంటుకుంటుంది. బురద తడిని పట్టి ఉంచే స్పాంజి లాంటిది.

బ్యాటరీకి తగిలిస్తే తుప్పు ఆగుతుందనే ఎలక్ట్రానిక్ పెట్టెలకీ డబ్బు పోయకండి. ఓడల అడుగున, భూమిలో పాతిన పైపులకి కరెంటుతో తుప్పు ఆపే పద్ధతి నిజమే. అయితే అక్కడ లోహం మొత్తం నీటిలోనో తడి మట్టిలోనో మునిగి ఉంటుంది, కరెంటు ఆ తడిలోంచే తిరిగి వస్తుంది. గాలిలో నిలబడ్డ కారుకి ఆ దారి లేదు. టెఫ్లాన్ కోటింగ్ అని చెప్పేది పైపెయింటు మెరుపుకి సంబంధించింది, అడుగుతో దానికి పని లేదు.

కొత్త కారు డెలివరీ రోజు షోరూములో ఇచ్చే కోటింగు ప్యాకేజీ గురించి. ఈ రోజుల్లో కారు బాడీ మొత్తాన్ని ఫ్యాక్టరీలో తొట్టిలో ముంచి, కరెంటుతో ఈడీ (ఎలక్ట్రో డిపాజిషన్) ప్రైమరు అనే మొదటి పొర పట్టిస్తారు. దాని మందం సుమారు 20 మైక్రాన్లే అయినా మూలమూలకీ చేరుతుంది. చాలా కార్లలో తుప్పుకి గురయ్యే భాగాలకి జింకు పూత ఉన్న రేకు వాడతారు, అతుకుల మీద పీవీసీ సీలర్ వేస్తారు. అంటే మీరు కొనేది రక్షణ మీద అదనపు రక్షణ. షోరూము పని చెడ్డదని కాదు, హడావిడిగా జరుగుతుందన్నదే ఇబ్బంది. డెలివరీకి ముందు రోజు సాయంత్రం, చక్రాలు విప్పకుండా, వీల్ ఆర్చ్ లైనర్లు (లోపలి ప్లాస్టిక్ తొడుగులు) తియ్యకుండా, కనబడినంత మేర నల్లగా కొట్టి ఇచ్చేస్తే దానికి ఇచ్చిన డబ్బు దండగే. డెలివరీ అయ్యాక నిదానంగా, మీరు దగ్గరుండి, బయట చేయించుకోవడం నయం. కాకపోతే వారంటీ షరతులు చదివి, పూతకోసం కొత్తగా రంధ్రాలు వెయ్యనివ్వకండి.

షెడ్డువాళ్లని అడగాల్సిన ప్రశ్నల్లో మొదటిది ధర కాదు. "అన్నా, మా బండికి ఎన్ని లీటర్లు పడుతుంది? చక్రాలు, లైనర్లు విప్పుతారా? ఎన్ని గంటలు ఆరబెడతారు?" ఇవి అడగండి. లీటర్ల లెక్క మీరే వేసుకోవచ్చు. ఒక చదరపు మీటరు మీద అర మిల్లీమీటరు తడి పొర వెయ్యాలంటే అర లీటరు కావాలి. 4 మీటర్ల లోపు చిన్న కారుకి ఇంజనూ, సైలెన్సరూ, ట్యాంకూ, సస్పెన్షనూ తీసేసి, వీల్ ఆర్చులు కలుపుకుంటే పూత పడాల్సిన చోటు 5, 6 చదరపు మీటర్లు ఉంటుంది. అంటే రెండున్నర నుంచి 3 లీటర్లు. ఎస్‌యూవీకి 4 నుంచి 5. స్ప్రేలో గాలికి పోయేది అదనం. అర లీటరు స్ప్రే డబ్బాలు రెండు చూపించి కారంతా అయిపోయిందంటే, అక్కడ పడింది రంగు మాత్రమే. ఖాళీ డబ్బాలు మీ ముందే లెక్క చూపమనండి.

పని తీరు ఇలా ఉండాలి. నాలుగు చక్రాలు, వీల్ ఆర్చ్ లైనర్లు, ఇంజన్ కింది ప్లాస్టిక్ షీల్డు తియ్యాలి. లైనర్ క్లిప్పులు పెళుసెక్కి విరుగుతాయి, పది పదిహేను కొత్తవి చేతిలో ఉంచుకోవాలి. లైనర్ తియ్యగానే ఫెండర్ అంచు మడతలో గడ్డకట్టిన మట్టి కనిపిస్తుంది. వేలితో తీసి నలిపితే లోపల ఇంకా చల్లగా, తడిగా తగులుతుంది, బయట వారాలుగా వాన లేకపోయినా సరే. దాన్ని ముందు పొడిగా గీకి, తరవాత కడగాలి.

కడిగే నీళ్లు ఏవి? చెన్నైలో చాలామంది పట్టించుకోని చోటు ఇదే. సముద్రం దగ్గరి పేటల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో గంటసేపు ప్రెషర్ వాష్ చేసి, ఆరబెట్టి, పైన కోటింగు కొడితే ఉప్పుని లోపలే పెట్టి సీలు వేసినట్టు. మొదట ఏ నీళ్లతో కడిగినా ఆఖరి కడుగు నగరపు మెట్రో వాటర్ బోర్డు నీళ్లతోనో, ఉప్పు లేని ట్యాంకర్ నీళ్లతోనో ఉండాలి. షెడ్డు కుళాయి నీళ్లు నాలుక మీద ఒక చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది.

కడిగాక ఆరడం. గాలి కొట్టి, నీడలో కనీసం ఒక రాత్రి, వీలైతే 24 గంటలు. అతుకుల్లో, పెట్టెల్లో నీళ్లు నిలుస్తాయి కాబట్టి కంప్రెసర్ గాలి ఆ రంధ్రాల్లోకి కూడా కొట్టాలి. పొద్దున కారు ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లమంటే ఆ షెడ్డు వద్దు. కడుగు, ఆరుదల, పూత, మళ్లీ ఆరుదల కలిపి రెండు రోజుల పని ఇది.

తుప్పు ఉన్న చోట వైర్ బ్రష్, ఆపై 80 నంబరు ఎమరీ పేపరు. పెచ్చులు పోయి గట్టి తుప్పు మచ్చ మాత్రమే మిగిలాక రస్ట్ కన్వర్టర్ పూయాలి. టానిక్ ఆమ్లం ఉన్న రకం తుప్పుతో కలిసి నీలి నలుపు పొరగా మారుతుంది, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నది ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. పెచ్చుల మీద పూస్తే పెచ్చు పైభాగం మాత్రమే మారి, అడుగున తుప్పు అలాగే ఉండిపోతుంది. డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి, ఎపాక్సీ లేదా జింక్ ప్రైమరు, ఆ తరవాతే కోటింగు. స్క్రూడ్రైవర్ దిగిపోయేంతగా చిల్లు పడ్డ రేకుకి ఏ పూతా మందు కాదు. అది టింకరింగ్, వెల్డింగ్ పని. వెల్డింగ్ చేశాక దాని లోపలి వైపుకి మైనం కొట్టించడం మరవకూడదు, ఎందుకంటే వేడికి అక్కడున్న పూతంతా కాలిపోయి ఉంటుంది.

టేపూ పేపరూ చుట్టి కప్పాల్సిన వాటి జాబితా పెద్దదే, కానీ ప్రాణానికి సంబంధించింది కాబట్టి పూర్తిగా చెప్పుకోవాలి. బ్రేక్ డిస్కులు, క్యాలిపర్లు, డ్రమ్ములు, ఏబీఎస్ సెన్సర్లు, వాటి వైర్లు. సైలెన్సర్ పైపు మొత్తం, క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్, వేడిని ఆపే రేకు. యాక్సిల్ బూట్లు, స్టీరింగ్ రాక్ బూట్లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్ రాడ్డు. ఇంజన్, గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టులు. సైలెన్సర్ మీద పడ్డ కోటింగు రోజుల తరబడి కాలి పొగ, వాసన వేస్తుంది, మందంగా పడితే అంటుకునే ప్రమాదమూ ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు నీళ్లు కారే రంధ్రాల్ని మూసేయడం. రన్నింగ్ బోర్డు అడుగున, తలుపుల కింద ఉండే చిన్న రంధ్రాలు అవి. నల్ల జిగురు వాటిని కప్పితే లోపలికి దిగిన వాన నీరు బయటికి పోయే దారి లేక అక్కడే నిలుస్తుంది. మూసుకున్న రంధ్రాన్ని సన్నటి పుల్లతో పొడిస్తే టీ రంగు నీళ్లు ధారగా కారతాయి. ఆ రంగు మీ రేకుదే.

బ్రేక్ పైపుల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. అడుగున పొడవునా పోయే ఇనప పైపులు ప్లాస్టిక్ క్లిప్పుల దగ్గర తుప్పు పడతాయి, క్లిప్పు వెనక ఉప్పు చేరడం వల్ల. వాటిమీద మందంగా రబ్బరు కోటింగు కొడితే రేపు పైపు చెడుతున్నా కనబడదు. క్లిప్పు తీసి, తుడిచి, పలచగా మైనమో లానోలినో రాసి వదిలేయాలి.

రబ్బరు కోటింగుని ఒకేసారి మందంగా కొట్టకూడదు. పలచగా రెండు మూడు పొరలు, ఒక్కో పొరకీ మధ్య 20, 30 నిమిషాలు. ఒకేసారి కొడితే పైన చర్మం కట్టి లోపల ద్రావకం చిక్కుకుని బుడగలు లేస్తాయి. మార్చి నుంచి జూన్ లోపు చేయించడం మంచిది. అక్టోబర్లో ఈశాన్య రుతుపవనాలు దిగాక చెన్నైలో ఏ షెడ్డుకీ కారుని నిజంగా ఆరబెట్టడం కుదరదు.

పూత ఎంత మంచిదైనా కారు లోపలి తడిని అది ఆపదు. ఏసీ నీళ్లు బయటికి పంపే గొట్టం మూసుకుపోతే ముందు సీటు పాదాల దగ్గర తివాచీ కింద నీళ్లు చేరి, నేల రేకు పైనుంచి కిందికి తుప్పు పడుతుంది. తివాచీ పైన పొడిగానే ఉంటుంది, కింది ఫోము మాత్రం పిండితే కారేలా ఉంటుంది. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో వేళచ్చేరి, పళ్లికరణై, ముడిచ్చూర్ వైపు మునిగినట్టు మళ్లీ మునిగితే, మొదటి పని సీట్లు, తివాచీ ఎత్తి, నేలలోని రబ్బరు బిరడాలు తీసి నీళ్లు వదలడం. ఆ తరవాత ఇన్సూరెన్సు, ఇంజన్ మాటలు చూసుకోవచ్చు, కానీ ఇంజన్ చూపించేదాకా కీ మాత్రం తిప్పకండి.

పూత వేయించాక నెలకోసారి మంచి నీళ్లతో అడుగు కడగడం ఆ పూత ఆయుష్షుని పెంచుతుంది. తోటకి నీళ్లు చిమ్మే చదునైన స్ప్రింక్లర్‌ని కారు కిందికి తోసి, ముందు పది నిమిషాలు, వెనక పది నిమిషాలు వదిలితే చాలు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా మహాబలిపురం వెళ్లొచ్చినా, నెల్లూరు వైపు పోతూ సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దారిలో పులికాట్ సరస్సు మీదుగా తిరిగొచ్చినా, ఆ వారంలోనే ఇది చెయ్యాలి. పూర్తిగా బిగించిన కారు కవరు తీరప్రాంతంలో మేలు కన్నా చెమ్మే ఎక్కువ తెస్తుంది. గాలాడే స్టిల్ట్ పార్కింగ్ (స్తంభాల మీద నిలబెట్టిన భవనం కింది చోటు) చాలా నయం.

ఎలక్ట్రిక్ కార్లకి ఒక హెచ్చరిక. నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్లని, వాటి కనెక్టర్లని, బ్యాటరీ పెట్టె అడుగుని కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఎవర్నీ ముట్టనివ్వకండి. లిఫ్టు కూడా కంపెనీ చూపిన చోట్లే ఆనించాలి.

చివరగా మార్కులు. 3 ఏళ్ల లోపు కారుకి వీల్ ఆర్చుల్లో రబ్బరు కోటింగు, బోలు భాగాల్లో మైనం: 10కి 9. నాలుగైదేళ్లు దాటిన తీరప్రాంతపు కారుకి శుభ్రం చేసి, రస్ట్ కన్వర్టర్ పూసి, ఏటా లానోలిన్: 10కి 8, ఏటా చెయ్యాల్సిన శ్రమకి ఒకటి, రబ్బరు భాగాల జాగ్రత్తకి ఒకటి తగ్గించి. అదే కారుకి కడిగిన రోజునే అడుగంతా నల్లగా రబ్బరు కోటింగు: 10కి 2. పాత ఇంజన్ ఆయిల్‌కి సున్నా.

కారు తీసుకునేటప్పుడు లిఫ్టు మీద ఉండగానే టార్చి వేసి రంధ్రాలన్నీ పుల్లతో పొడిచి చూడండి. కిందికి దించాక ఒక్కో తలుపు అద్దం మీద చెంబెడు నీళ్లు పోయండి. తలుపు అడుగు రంధ్రాల్లోంచి అవి బొట్లుబొట్లుగా కారాలి. కారకపోతే ఆ తలుపు రంధ్రాలు మూసుకున్నట్టే. డబ్బు చేతిలో పెట్టకముందే మళ్లీ లిఫ్టు ఎక్కించమనండి.